గెలవని ఆటలకు కానుక

మెదక్ కోట కింది కాలేజీకి అది ఆఖరు ఏడు. వచ్చే జూన్ నుంచి పిల్లలు సంగారెడ్డికో హైదరాబాదుకో పోయి చదువుకోవాలని పైనుంచి హుకుం వచ్చింది. కొత్తగా ఎవరినీ చేర్చుకోలేదు. ఉన్నవాళ్ళలో ఉరకగలిగిన వాళ్ళను ఏరితే పదిమంది తేలారు. పదకొండోవాడిగా మదన్ మోహన్‌ను పట్టుకొచ్చారు. కళ్ళద్దాలు లేకపోతే అతనికి మనిషికీ గుంజకూ తేడా తెలియదు. అద్దాలకు తాడు కట్టి, ఆ తాడు తలవెనక ముడివేసుకుని ఆడేవాడు. బంతి తలకు తగిలినప్పుడల్లా ఆట ఆపి అందరూ అద్దాలు వెతికేవారు.

అదీ ఫుట్‌బాల్ టీము. ఆ టీముకు గోలు కాసేవాడు జయానందం.

జయానందం పొడుగరి. ఆ పొడుగు చూసే డ్రిల్లు మాస్టరు రిచర్డ్ సారు అతన్ని గుంజల నడుమ నిలబెట్టాడు. కాని పొడుగున్నవాడు వంగాలంటే కొంత సేపు పడుతుంది. బంతి అంత సేపు ఆగదు. పైనుంచి వచ్చేవి బాగానే పట్టేవాడు. నేల మీదుగా వచ్చేవే అతన్ని ముంచాయి. ఆ సంగతి ఎదుటివాళ్ళకు తెలియడానికి ఎక్కువ సేపు పట్టేది కాదు.

మొదటి ఆట సిద్దిపేటలో. చిత్తుగా ఓడిపోయారు. రామాయంపేట మీదుగా బస్సులో తిరిగొచ్చారు. జయానందం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. ఇల్లంటే దవాఖాన వెనక పనివాళ్ళ లైన్లలో ఒక గది, ముందర వసారా. తల్లి దానమ్మ ఆ దవాఖానలోనే ఆయా. తండ్రి లేడు. ఆమె పొద్దంతా వార్డులో రోగుల పక్కబట్టలు మార్చి, ఉతికి, ఆరేసి, సాయంత్రం వచ్చి పొయ్యి రాజేసేది. కొడుకు కాలేజీలో చదవడం, అందులోనూ కాలేజీ తరఫున ఊళ్ళు తిరిగి ఆడడం ఆమెకు ఎంత గొప్పో వార్డులో రోగులందరికీ తెలుసు.

అన్నం పెట్టి ఎదురుగా కూచుంది.

"ఏమాయె బిడ్డా, ఆట?"

"అయిపోయిందమ్మా."

"అయిపోయింది సరే. నువ్వెన్ని గొట్టినవ్?"

"నేను గొట్టేటోన్ని గాదమ్మా. ఆపేటోన్ని."

"మరి ఆపినవా?"

"ఆపిన."

అది అబద్ధం కాదు. కొన్ని ఆపాడు. ఆగనివాటి సంగతి చెప్పబోతుండగా పక్కగది లలితమ్మ గడపలో నిలబడి అందుకుంది. లలితమ్మ కూడా దవాఖాన మనిషే. ఏ మాటైనా తన నోట్లోంచి పోతేనే పూర్తవుతుందని ఆమె నమ్మకం.

"ఆపిండంటే ఇగ గెలిచినట్టే గదనే దానమ్మా. ఈడు ఆపినంక ఆళ్లకేం మిగిల్తది?"

"నిజమేనా కొడుకా? గెలిచిండ్రా?"

జయానందం నోట్లో ముద్ద ఉంది. అది మింగి చెప్పొచ్చు. మింగాడు. మింగి, ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. తల్లి మొహం వెలిగిపోయింది. గంజిలో కలుపుకుని తాగుదామని కుండ అడుగున మిగుల్చుకున్న అన్నం కూడా ఆ సంతోషంలో అతని పళ్ళెంలోనే వేసింది.

తరవాత కామారెడ్డిలో ఓడిపోయారు. ఆ తరవాత నిజామాబాదులో. ఓడిన ప్రతిసారీ ఇంటికొచ్చేసరికి ఆమె ఎదురుచూస్తూ ఉండేది. "ఆపినవా బిడ్డా?" అని అడిగేది. "ఆపిన" అనేవాడు. అంతకుమించి అడగడం ఆమెకు రాదు. అంతకుమించి చెప్పడం అతనికి చేతకాలేదు. ఆటలన్నీ పరాయి ఊళ్ళలోనే జరగడంతో మెదక్‌లో కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. ఓడినవాళ్ళు తమంతట తాము చాటింపు వేసుకోరు గదా. అట్లా ఆ అబద్ధానికి నీళ్ళు పోసినవాళ్ళు లేకపోయినా అది పెరిగింది.

ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం అయిపోయింది. కానుకల వేళ. ఇంట్లో జ్వరం తగ్గినా, కాన్పు సుఖంగా జరిగినా, బర్రె ఈనినా, అక్కడివాళ్ళు దేవునికి కృతజ్ఞత కానుక తెచ్చి ముందర పెడతారు. ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో పాస్టరు అయ్యగారు అందరికీ వినపడేటట్టు చదువుతారు. తెచ్చిన మనిషి లేచి నిలబడాలి. తరవాత ఆ కానుకలను చర్చి బయట హర్రాజు పాడతారు, ఎక్కువ పాడినవాడిది కానుక.

జయానందం మగవాళ్ళ వైపు, టీములోని చర్చి పిల్లలతో కలిసి కూచున్నాడు. కొంచెం ముందర రిచర్డ్ సారు. ఎవరో గుమ్మడికాయ తెచ్చారు. ఎవరో కుంచెడు వడ్లు తెచ్చారు. అయ్యగారు కళ్ళజోడు సరిచేసుకుని చదివాడు.

"సహోదరి దానమ్మ. తన కుమారుడు జయానందమునకు, అతని తోటివారికి, ఆడిన ఆటలన్నిటిలోను ప్రభువు జయము అనుగ్రహించినందుకు కృతజ్ఞతగా, ఒక కోడిపుంజు."

ఆడవాళ్ళ వైపు దానమ్మ లేచి నిలబడింది. ఇస్త్రీ చేసిన తెల్లచీర. కాళ్ళు కట్టిన ఎర్ర పుంజు చంకలో ఉంది. క్రిస్మస్‌కని సాకిన పుంజు. అంతకుముందు ఆమె చాలాసార్లు కానుకలిచ్చింది. మొగుడు మంచాన పడ్డప్పుడు ఇచ్చింది, పోయిన తరవాతా ఇచ్చింది. కొడుకుకు ఆటలమ్మ పోసి తగ్గినప్పుడు ఇచ్చింది. అన్నీ ఏదో ఒక గండం గడిచినందుకే. సంతోషానికని ఇచ్చింది ఇదొక్కటే. అది ఆమె నిలబడిన తీరులోనే తెలుస్తూ ఉంది.

జయానందం పక్కన కూచున్నవాడు ముక్కులోంచి ఒక చప్పుడు చేశాడు. ఇంకొకడు వాడిని మోచేత్తో పొడిచాడు. రిచర్డ్ సారు దగ్గాడు. దగ్గి, మెల్లగా తల వెనక్కి తిప్పి జయానందాన్ని చూశాడు. జయానందం పాటల పుస్తకంలో మొహం పెట్టుకున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. నేల విచ్చుకుని మింగితే బాగుండును అనిపించింది. అది బండల నేల. విచ్చుకోలేదు.

బయట హర్రాజులో ఆ పుంజు కోసం గట్టి పోటీ నడిచింది. గెలిచిన పిల్లల పుంజు కదా అని తలా ఒక మాట పెంచారు. చివరికి అందరినీ మించి పాడి రిచర్డ్ సారు తీసుకున్నాడు. దానమ్మ చేతులు జోడించింది.

"మీ దయ సార్. మీరు నేర్పవట్టే గదా."

రిచర్డ్ సారు పుంజును తలకిందులుగా పట్టుకుని చక్కా పోయాడు. అతని మెడ కూడా ఎర్రబడింది.

మర్నాడు ప్రాక్టీసు అయినాక టీమునంతటినీ తన ఇంటికి పిలిచాడు. సారు భార్య సువర్ణమ్మ ఆ పుంజునే కూర వండి పెట్టింది. ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు గనుక ఎవరూ అడగలేదు. కౌడిపల్లి నుంచి వచ్చి గది కిరాయికి తీసుకుని చదువుకునే నర్సింగం ఒక్కడే ఎముక చీకుతూ అన్నాడు.

"అరే జయా, ఓడిపోయినోళ్లకు కోడికూర దేశంల ఎవలన్న పెడ్తరార? మీ అమ్మ దప్ప."

అందరూ పగలబడి నవ్వారు. జయానందం కూడా నవ్వినట్టే మొహం పెట్టాడు. తన ముక్కలు తీసి మదన్ మోహన్ పళ్ళెంలో వేశాడు.

అందరూ పోయాక రిచర్డ్ సారు అతన్ని వాకిట్లో ఆపాడు.

"నేను చెప్పనా మీ అమ్మకు?"

"వద్దు సార్. నేనే చెప్త."

"ఎప్పుడు?"

"చెప్త సార్."

"చూడు జయానందం. ఓడిపోయిందానికి నేను ఏమన్న అన్ననా ఎప్పుడన్న? అనలే. అది మన చేతుల లేదు. ఇది నీ చేతుల్నే ఉన్నది."

ఆ మాట మంచిగానే అన్నాడు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

చెప్పాలని అతనికీ ఉంది. ఒకనాడు దవాఖాన బావి దగ్గర తల్లి దుప్పట్లు పిండుతుంటే పోయి రెండో కొస పట్టుకున్నాడు. ఆమె అటు తిప్పితే అతను ఇటు తిప్పాడు. నీళ్ళు ధారగా కారాయి. నలుగురు చూడని చోటు. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"అమ్మా, ఆ ఆటల సంగతి..."

"ఆ సంగతే నేను గూడ చెప్దామనుకున్న" అంది దానమ్మ. "ఆఖరి ఆట ఈడనే అంటగదా, మన కోట కింద? లలితమ్మ చెప్పింది. నేనొస్తున్న."

దుప్పటి కొస అతని చేతిలోంచి జారి మట్టిలో పడింది.

"ఏందిరా, కడిగినదాన్ని! చేతులల్ల పట్టు లేదా? గోలు కాడ గిట్లనే పడతవా బాలును?"

"ఆడోళ్లు రారమ్మా ఆటకు."

"ఎందుకు రారు? నర్సమ్మలందరొస్తున్నరు. డాక్టరమ్మ గూడ వస్తనన్నది. ఇన్నొద్దులు వాళ్లకు వీళ్లకు చెప్పుడే గని నా కొడుకు ఆటను నేను చూసిందేడిది? ఇదైనంక కాలేజే ఉండదాయె. మల్ల ఎప్పుడు సూడాలె?"

ఆమె మళ్ళీ బావిలో చేద వేసింది. అతను దుప్పటి ఎత్తి ఇచ్చాడు. నోటిదాకా వచ్చిన మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది.

సంగారెడ్డి వాళ్ళతో ఆట శనివారం. శుక్రవారం సాయంత్రం మైదానంలో గీతలకు సున్నం పోస్తూ జయానందం నర్సింగానికి చెప్పుకున్నాడు, తల్లి ఆట చూడటానికి వస్తోందని. నర్సింగం సున్నం డబ్బా కింద పెట్టి తల గోక్కున్నాడు.

"మీ అమ్మకు ఆట తెలుసార?"

"తెల్వదు."

"గోలంటే ఏందో?"

"తెల్వదు."

"మరి ఎందుకు పరేశాన్ అయితవ్? ఆట తెల్వనోళ్లకు ఎవలు ఎగిరితె వాళ్లే గెలిచినట్టు. ఆఖరి సీటీ ఊదంగనే మనం ఎగురుదాం. నిన్ను బుజాల మీదికెత్తి మీ అమ్మ ముందటికి దీస్కపోతం. ముసల్ది ఖుష్. కథ ఖతం."

తాడు ముడి విప్పుకుంటున్న మదన్ మోహన్ అన్నాడు, "ఓడిపోయి ఎగురుతర్ర ఎవలన్న? నవ్వరా నలుగురు?"

"ఇన్నొద్దులు ఓడిపోయి ఏడ్సినం. ఏడ్సి ఏం సాధించినం? ఒక్కదినం ఎగిరి సూద్దాం. ఏమంటవ్ జయా?"

జయానందం ఔననలేదు. కాదనలేదు. ఆ ఏడంతా అతను నేర్చుకున్న విద్య అదొక్కటే. మిగిలినవాళ్ళు అతని మౌనాన్ని ఒప్పుకోలు కింద కట్టేసుకున్నారు. ఓడిపోయే ఆటకు ముందురోజు అంత హుషారుగా వాళ్ళు ఎన్నడూ లేరు.

శనివారం ఎండ దిగేసరికి మైదానం నిండింది. సంగారెడ్డి వాళ్ళ తరఫున లారీ నిండా పిల్లలొచ్చారు. వాళ్ళ టీముకు నీలం బనీన్లు, కాళ్ళకు బూట్లు. మెదక్ వాళ్ళవి ఉతికి ఉతికి రంగు ఎర్రదో గులాబీదో తెలియకుండా పోయిన బనీన్లు. నలుగురికి బూట్లే లేవు. అప్పుడు గోలు గుంజలకు వలలు ఉండేవి కావు. దాటిపోయిన బంతిని గోలు కాసేవాడే పోయి తెచ్చుకోవాలి.

ఆడవాళ్ళకని ఆ గుంజల వెనకాలే, కాలేజీ గోడనీడలో జంఖానా పరిచారు. జయానందం నిలబడ్డ చోటికి సరిగ్గా వెనక. దానమ్మ ముందు వరసలో కూచుంది. ఒడిలో బట్ట కప్పిన గంప. పక్కన లలితమ్మ. కొంచెం అవతల, దవాఖాన గేటు కాడ ఉండే భూమయ్య గోడకానుకుని బీడీ కాలుస్తున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే సంగారెడ్డివాడు ఒకడు నేల మీదుగా తన్నాడు. జయానందం వంగాడు. వంగేసరికి బంతి పోయింది. లారీలో వచ్చిన వాళ్ళంతా ఒక్కసారి కేకలు వేశారు. బంతి దొర్లుకుంటూ పోయి జంఖానా అంచున ఆగింది.

దానమ్మ లేచి బంతిని తీసుకుంది. అంటిన మట్టిని కొంగుతో తుడిచింది. అంతా అంత గట్టిగా అరుస్తుంటే ఆమె మొహం విప్పారింది.

"ఇగో కొడుకా" అని రెండు చేతులతో అందించింది. "మంచిగ ఆడుతున్నవ్. అందరెట్ల ఒర్రుతున్నరో సూడు."

లలితమ్మ చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి నర్సమ్మలిద్దరు కొట్టారు. జయానందం బంతి తీసుకున్నాడు. తల్లి చేతులు తగిలాయి. చల్లగా, గరుకుగా ఉన్నాయి. తిరిగి వచ్చి బంతిని నడుమకు తన్నాడు.

రెండోదీ అట్లాగే పోయింది. వెనకనుంచి మళ్ళీ చప్పట్లు. వాటి మీదుగా భూమయ్య గొంతు వినపడింది.

"ఓ అమ్మలార, చప్పట్లు గొట్టకుండ్రి! నవ్వుతరు. అది మనకు పడ్డది!"

చప్పట్లు తెగిపోయాయి. జయానందం వెనక్కి తిరిగి చూడలేదు. బంతి గోడకు తగిలి తనంతట తానే వెనక్కి వచ్చింది. ఆ ఒక్కసారికి దేవుడు కాపాడాడనుకున్నాడు.

మూడోది పడ్డప్పుడు కాపాడలేదు. బంతి పోయి సరిగ్గా దానమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసుకుని లేచింది. ఈసారి తుడవలేదు. జయానందం దగ్గరికి పోయి చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఈ గుంజల నడ్మకెల్లి వోతె మనం ఓడినట్టేనా?"

"ఔ."

"సిద్దిపేటల గూడ గిట్లనే వోయిందా?"

అటు రెఫరీ సీటీ ఊదుతున్నాడు. "జయా, బాలు తేరా!" అని నర్సింగం అరుస్తున్నాడు.

"ఔనమ్మా."

"అన్నిట్ల గిట్లనేనా?"

అతను బంతిని పట్టుకున్నాడు. ఆమె కొంచెం సేపు వదల్లేదు. ఒక బంతిని చెరొకవైపు పట్టుకుని తల్లీ కొడుకులు అట్లా నిలబడ్డారు. జనం చూస్తున్నారు. అప్పుడామె వదిలింది. పోయి జంఖానా మీద కూచుని కొంగు తలమీదికి లాక్కుంది.

ఇంటర్వెల్ తరవాత పక్కలు మారాయి. జయానందం మైదానం ఆ చివరకు పోయాడు. అక్కడినుంచి తల్లి చిన్న తెల్లచుక్కలాగా కనపడింది. ఆమె లేచి ఇంటికి పోతే బాగుండునని అతను కోరుకున్నాడు. పోలేదు. ఎన్ని పడ్డాయో అతను లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టేవాళ్ళు వేరే ఉన్నారు.

ఆఖరి సీటీ పడింది. కాలేజీ ఆట అక్కడికి సరి. సంగారెడ్డి వాళ్ళు ఒకరినొకరు కావలించుకుంటున్నారు. ఇటునుంచి నర్సింగం ముందుగా, మిగిలినవాళ్ళు వెనకగా జయానందం మీదికి ఉరికొస్తున్నారు. గోలు దగ్గర తల్లికీ కొడుక్కీ ఏం జరిగిందో వాళ్ళకేం తెలుసు?

"వద్దుర! ఆగుండ్రి! ఆమెకు తెలిసిపోయింది!" అన్నాడు జయానందం.

వాళ్ళ అరుపుల్లో అది ఎవరికీ వినపడలేదు. విన్నా అతను సిగ్గుపడుతున్నాడనుకుని ఉంటారు. ఇద్దరు కాళ్ళు పట్టారు, ఇద్దరు నడుము పట్టారు. ఎత్తేశారు. "జయానందంకూ, జై!" అని నర్సింగం గొంతు చించుకున్నాడు. మదన్ మోహన్ అద్దాలు చేత్తో పట్టుకుని ఎగిరాడు. మైదానమంతా ఊరేగించుకుంటూ ఆడవాళ్ళ వైపు బయలుదేరారు.

సంగారెడ్డి వాళ్ళు కావలించుకోవడం ఆపేశారు. వాళ్ళ కెప్టెను రెఫరీ దగ్గరికి పోయాడు.

"సార్, గెలిచింది మేమే గదా?"

ఆ మాటతో నవ్వు మొదలైంది. లారీ మీద పుట్టి మైదానమంతా పాకింది. మెదక్ జనం కూడా కడుపులు పట్టుకున్నారు. ఎవడో సీటీ కొట్టాడు. ఎవడో "ఇంకో రెండు పడితె పల్లకి తెచ్చేటోళ్లమే" అన్నాడు. రిచర్డ్ సారు కుర్చీలోంచి లేచి "దింపుండ్రిర, దింపుండ్రి" అంటూ ఉరికి వస్తున్నాడు. అంత ఎత్తున కూచున్న జయానందానికి ఎవరి మొహమూ దాగలేదు. అతనూ ఎవరికీ దాగలేదు. పొడుగు మనిషి, దానికి తోడు భుజాల మీద.

దానమ్మ లేచి నిలబడి ఉంది. నర్సింగం ఆమె ముందుకు వచ్చి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"గెలిచినమమ్మా! నీ కొడుకు ఆపవట్టే!"

ఆమె నర్సింగం మొహంలోకి చూసింది. వాడి చెమటను చూసింది, పగిలిన మోకాలును చూసింది.

"జర మెల్లగ దింపుండ్రి నాయనా" అంది. "పడ్తడు."

దింపారు. అప్పటికి వాళ్ళకూ ఏదో అర్థమైంది. నర్సింగం నోరు మెల్లగా మూతపడింది.

దానమ్మ గంప చంకన పెట్టుకుని వాళ్ళను దాటి మైదానంలోకి నడిచింది. అంతమంది మగవాళ్ళ నడుమ ఆమె ఎన్నడూ అట్లా నడిచింది కాదు. నేరుగా నీలం బనీన్ల దగ్గరికి పోయి బట్ట తీసింది. పల్లీముద్దలు. తెల్లారగట్ల లేచి, బెల్లం పాకం పట్టి, చేతులు కాలుతుండగా చుట్టినవి.

"గెలిచినోళ్లకని చేసిన. తినుండ్రి బిడ్డా."

కెప్టెను తడబడ్డాడు. "మీరెవలమ్మా?"

"ఆ గోలు కాడ నిలవడ్డోని తల్లిని."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. ఆ పిల్లవాడు ఒక ముద్ద తీసుకుని చేతిలోనే పట్టుకున్నాడు. తినలేకపోయాడు. ఆమె ప్రతి ఒక్కడికీ పంచింది. రెఫరీకి కూడా ఇచ్చింది. జయానందం అక్కడే నిలబడి చూశాడు. తిట్టినా, నలుగురిలో చెంప పగలగొట్టినా అతనికి అంత బాధ ఉండేది కాదు. గంప ఖాళీ అయ్యాక ఆమె వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టింది. లలితమ్మ ఆమె వెంట నడిచింది. ఆమెకు ఆ పూట మాటలు దొరకలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం వంట ఎప్పటిలాగే అయింది. అన్నం పెట్టింది. ఎదురుగా కూచోలేదు. అతను చెయ్యి కడుక్కుంటుంటే అడిగింది.

"ఇయ్యాల్టి సంగతి పోనీ. నవ్విండ్రు, నవ్వినోళ్లు మరిచిపోతరు. నేను దేవుని ముందట నిలవడి అబద్ధం చెప్పిన గదా బిడ్డా. దానికేం జేద్దాం?"

"నీకు తెల్వదు గదమ్మా."

"నాకు తెల్వదు. నీకు తెలుసు. నువ్వు గూడ ఆడనే కూసున్నవ్."

అతను తల దించుకున్నాడు.

"రేపు చర్చిల అయ్యగారు సాక్ష్యాలడుగుతడు, ఎవలన్న లేసి తమ సంగతి చెప్పుకోవచ్చు. లేస్తవా?"

"లేస్త."

"లేసి చెప్తవా?"

"చెప్తనమ్మా."

ఆ రెండు మాటలూ అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

మర్నాడు చర్చిలో పాటలయ్యాయి. మైదానంలో నవ్విన ఊరివాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. అయ్యగారు ముందుకొచ్చి, "సాక్ష్యం చెప్పదలచినవారు ఎవరైనా ఉంటే లేవవచ్చును" అన్నాడు.

జయానందం లేవడానికి చేతులు నేలకానించాడు. చెప్పాల్సినవి నాలుగే మాటలు. దారి పొడుగునా వల్లెవేసుకున్నాడు. పక్కవాడు అతని వైపు చూశాడు. ముందు వరసలో రిచర్డ్ సారు వీపు కనపడుతోంది. ఇప్పుడు లేస్తాను, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూనే ఉన్నాడు. అయ్యగారు అటూ ఇటూ చూసి పాటల పుస్తకం తెరవబోయాడు.

ఆడవాళ్ళ వైపు దానమ్మ లేచింది.

"అయ్యగారూ, నాదొక మాట" అంది. గొంతు గట్టిగా లేదు. అయినా ఆ నిశ్శబ్దంలో అంతటా వినపడింది. "పోయినసారి నేనొక పుంజునిచ్చిన. నా కొడుకు గెలిచిండని చెప్పి ఇచ్చిన. గెలువలే. నేను తెల్వక చెప్పిన. ఇచ్చిన పుంజు దేవునిదే, దాన్ని అడుగుత లేను. చెప్పిన మాట మాత్రం వాపస్ తీస్కుంటున్న."

అని కూచుంది. కొడుకు పేరెత్తలేదు. మగవాళ్ళ వైపు చూడలేదు. జయానందం చేతులు ఇంకా నేలకానించే ఉన్నాయి. సగం లేచినట్టు, సగం కూచున్నట్టు అట్లాగే ఉండిపోయాడు. అయ్యగారు "ప్రార్థన చేద్దాము" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అతనికి ఆ కాసేపే కొంచెం ఊపిరాడింది.

ఇంటికొచ్చాక దానమ్మ చీర మార్చుకుని, వసారాలో కూచుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరసాగింది. జయానందం గడపలో నిలబడ్డాడు. పోయి ఎక్కడైనా తిరిగి రావాలనిపించింది. బజారులో ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు? లలితమ్మ తలుపు తెరిచి, ఇద్దరినీ చూసి, చప్పుడు చేయకుండా మళ్ళీ వేసుకుంది.

అతను వచ్చి తల్లికి ఎదురుగా నేలమీద కూచున్నాడు.

"సిద్దిపేటల మొదటిది నా కాళ్ల సందులకెల్లి వోయిందమ్మా" అన్నాడు.

ఆమె రాయి ఒకటి తీసి పక్కన వేసింది.

"కాళ్లెందుకు దగ్గర వెట్టలే?"

"వాడు ఉరికొస్తుంటె భయమైంది."

"రెండోది?"

"రెండోది సూడనే లేదు. నర్సింగాన్ని తిడుతున్న అప్పుడు."

"వాన్నెందుకు తిట్టినవ్?"

"మొదటిది వాని తప్పని."

దానమ్మ చేట ఒకసారి ఎగరేసింది. ఊక గాలికి పోయింది. అతను సిద్దిపేటవన్నీ చెప్పాడు. ఆమె ఇంకో రాయి ఏరి వేసింది. అతను కామారెడ్డి చెప్పాడు. అక్కడ ఒకటి చేతిలో పడి కూడా జారిపోయిందని చెప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇంక ఉన్నయా?" అంది.

"ఉన్నయమ్మా."

"చెప్పు."

ఆమె చేటలోంచి తల ఎత్తలేదు. అతను నిజామాబాదు మొదలుపెట్టాడు.